రాహేలమ్మగారి పక్కన

1979 జూలై 3, మంగళవారం. తెల్లవారకముందు నుంచీ ముసురు. వాన అనడానికి లేదు, ఎండ అసలే లేదు. గొడుగు తెరిస్తే బరువు, ముడిస్తే తడి. మా పల్నాటి వైపు అలాంటి ముసురు ఆ రోజుల్లో అరుదు. ఇప్పటి సంగతి చెప్పలేను.

ఆ ఉదయం చర్చి ఉపదేశి దేవదానానికి ఒక చిక్కు వచ్చిపడింది. హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన కరుణాకరం రాత్రి పోయాడు. ఆయన కూతురు సుగుణ చర్చివాళ్ళ సమాధుల తోటలో చోటు అడుగుతోంది.

కరుణాకరం చర్చికి రావడం మానేసి చాలా ఏళ్ళయింది. ఒక విధవరాలి మీద ఏదో నింద వేసి, సంఘ పెద్దలు ఆమెకు ప్రభు సంస్కారపు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వనివ్వకపోతే ఈయన లేచి బయటికి నడిచాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. మొదట చర్చి మీద కోపమనేవాడు, తర్వాత తర్వాత నమ్మకమే పోయిందనేవాడు. ఆదివారం గంట మోగే వేళకు ఎదురుగా టీకొట్టు బెంచీ మీద కూర్చుని పేపరు చదివేవాడు. నేనూ ఆ స్కూల్లోనే లెక్కలు చెప్పేవాణ్ణి. ఆయన మేకను గీస్తే అది ఇప్పుడో ఇంకాసేపటికో అరుస్తుందనిపించేది. మనుషుల ముఖాలు మాత్రం ఆయన చేతికి లొంగేవి కావు. సరే, అది వేరే సంగతి.

సుగుణ వెంట నేనూ తిరిగాను. ముందు వాగు ఒడ్డున శ్మశానం వాళ్ళను అడిగాం. "మీవాళ్ళకు వేరే ఉంది కదమ్మా" అన్నారు, మర్యాదగానే. అక్కణ్ణుంచి చర్చికి వచ్చాం.

"ఆదివారాలు టీకొట్టు, పోయాక సమాధుల తోటా?" అన్నాడు దేవదానం.

సుగుణ కొంగుతో ముఖం మీద తడి తుడుచుకుంది.

"పోనీ ఎక్కడ పెట్టుకోమంటావయ్యా, ఇంట్లోనా?" అన్నాను.

"నన్నంటే ఏం లాభం మాస్టారూ? అయ్యగారినే అడుగుదాం పదండి."

పాస్టరు జ్ఞానప్రకాశంగారిని ఊళ్ళో అన్ని కులాలవాళ్ళూ అయ్యగారనే పిలిచేవారు. డెబ్బై దాటిన మనిషి. భార్య రాహేలమ్మగారు పోయినప్పటి నుంచి ఆ రెండు గదుల ఇంట్లో ఒక్కరే. మేం తలుపు తట్టగానే "ఎవరో వచ్చారు" అని లోపలి గదిలోకి చెప్పడం వినిపించింది. లోపల ఎవరూ లేరు.

దేవదానం ఆయన దగ్గరే వాక్యం నేర్చుకున్నాడు. సుగుణ వసారాలో కూర్చుంటే, లోపలికి వచ్చి చెప్పాడు.

"ఇలా చూసీ చూడనట్టు పోయే చర్చి ఖాళీ అయిందయ్యగారూ. మొన్న ఆదివారం ఒక్క చాప పరిస్తే అందులోనే చోటు మిగిలింది. జనానికి భయం ఉండాలి. ఒక్కడికి లేదని చెప్పి చూడండి, పదిమంది వస్తారు."

అయ్యగారు అంతా విన్నారు.

"కమిటీ ఏమంటుంది?"

"సంస్కారం తీసుకోనివాడికి చోటు లేదన్నారు."

"సరే. కమిటీ నేల కమిటీది."

వసారాలో సుగుణ తల దించుకుంది.

అయ్యగారు మూల నిలబెట్టిన పలుగూ పారా తీసుకుని వానలోకి దిగారు. గొడుగు మరిచిపోయారు. నేను పట్టుకుని వెనకాల నడిచాను.

తోటలో రాహేలమ్మగారి సమాధి పక్కన, అయ్యగారికని కమిటీవాళ్ళే ఎప్పుడో విడిచిపెట్టిన చోటు ఉంది. చుట్టూ గులకరాళ్ళు పేర్చి ఉంటాయి. తలవైపు ఇద్దరికీ కలిపి ఒకటే నాపరాయి పలక. ఎడమ సగంలో ఆవిడ పేరు, కుడి సగం ఖాళీ.

అయ్యగారు గులకరాళ్ళను కాలితో పక్కకు నెట్టి, ఖాళీ సగం ముందు పలుగు దించారు.

దేవదానం గాభరాపడ్డాడు. "అయ్యగారూ, అది మీ చోటు!"

"అందుకే తవ్వుతున్నా."

"అమ్మగారి పక్కన పరాయివాణ్ణా?"

"రాహేలు అతన్ని తమ్ముడూ అనేది. చర్చి మానేశాడని కొన్నాళ్ళు అలిగింది. తర్వాత గోంగూర పచ్చడి పంపింది."

తడిసిన నల్లరేగడి పారను వదలదు. ప్రతిసారీ వేళ్ళతో గీకి దులపాలి. ముసలాయన ఒగరుస్తున్నారు. దేవదానం కాసేపు చూసి, చెప్పులు విడిచి, పార అందుకున్నాడు. మిగతాదంతా అతనే తవ్వాడు.

మధ్యాహ్నానికి తీసుకొచ్చాం. వచ్చినవాళ్ళు నలుగురే, పెట్టె మోయడానికి సరిపోయారు. వాళ్ళలో ఒకడు టీకొట్టు ఖాసిం.

పెట్టె దించాక దేవదానం పాటల పుస్తకం తీశాడు. అయ్యగారు దాని మీద చెయ్యి వేసి మూశారు.

"వద్దన్నాడు. పాటా ప్రార్థనా ఏదీ వద్దు, మోసం చేసినట్టుంటుందన్నాడు. సరేనన్నాను."

"ఒక్క మాటైనా లేకుండా ఎలాగండీ? పోయినవాడికేం తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

ఆయన నోరు బిగించుకుని నిలబడ్డారు. ఆ తోటలో ప్రతి గుంట ముందూ మాట్లాడిన నోరు. గొడుగు మీద ముసురు చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. సుగుణ ఒక్కసారి ఆయన వైపు చూసి, పిడికెడు మట్టి వేసింది.

అందరూ వెళ్ళాక దేవదానం పార కడుగుతూ మెల్లగా అడిగాడు.

"మరి రేపు మీకు?"

"రోజూ వచ్చేవాడికి ఎక్కడో ఒకచోట దొరుకుతుందిలే. రానివాడికే మనం చూడాలి."

తర్వాత కొన్నేళ్ళకు అయ్యగారు పోయారు. అప్పటికి తోటలో మంచి చోట్లు మిగల్లేదు. ముళ్ళకంచె వార, మేకలు దూరే సందు దగ్గర పెట్టారు. ఆయన బైబిలు దేవదానానికి వచ్చింది. అతనిప్పుడు పాస్టరు. జనం పెరగలేదు గాని, ఆదివారం చాపలన్నీ పరుస్తాడు. సైకిలు సుగుణ కొడుక్కి. ఇల్లు మిషనువాళ్ళది, వాళ్ళకే పోయింది. గొడుగు నా దగ్గరే ఉండిపోయింది, ఒక ఊచ విరిగింది. పలక మీద వాళ్ళ నాన్న పేరు చెక్కిద్దామంటే సుగుణ ఒప్పుకోలేదు. అది అయ్యగారి చోటు అంది.

రాహేలమ్మగారికి ఏమీ రాలేదు. ఆవిడ పేరు పక్కన సగం ఇప్పటికీ ఖాళీ.