గొర్రెల పేర్లు విన్న చెవియొగ్గమ్మ

కంబళ్లపల్లెకు ఉత్తరాన, తంగేడు పొదల నడుమ గుట్ట మీదికి నూట పది మెట్లెక్కితే చెవియొగ్గమ్మ సన్నిధి చేరుకుంటాం. గోపురం లేదు. నాలుగు రాతి స్తంభాల మీద ఒక కప్పు, దాని కింద మోకాలెత్తు నల్లరాతి విగ్రహం. అమ్మవారి తల ఎడమ భుజం మీదికి వాలి, ఎవరి మాటో వింటున్నట్టు ఉంటుంది. కొత్తవారు దాన్ని శిల్పి పొరపాటు అనుకుంటారు. కానీ ఆ తల వాలిన రోజును గురించి గొర్రెలు కాచే ఈ ఊరి కురుమలు చెప్పుకునే కథ ఒకటి ఉంది.

పూర్వం ఇక్కడ జక్కవ్వ అనే కురుమ ఇల్లాలు ఉండేది. భర్త ఎల్లప్ప కాలం చేశాక నలభై రెండు గొర్రెలను తానొక్కతే మేపుకునేది. చూపు మందగించినా ఆమె మందలో ఒక్క జీవం తప్పిపోయేది కాదు. అరుపు విని, ఉన్నిలో వేళ్లు పెట్టి, గిట్టల చప్పుడు పోల్చుకుని అది ఎవరో చెప్పేది. మధ్యాహ్నం తుమ్మ నీడన ఆమె రొట్టె విప్పితే ఒకటి ఒడిలో తల పెట్టేది, ఒకటి కొంగు నమిలేది, ఒకటి అలిగి దూరంగా నిలబడేది. అలిగినదాన్ని బతిమాలి పిలిచాకే జక్కవ్వ ముద్ద నోట పెట్టేది.

ఒక ఏడు వానలు వెనుకబట్టే వేళ మందలకు గాలికుంటు సోకింది. నోట చొంగ, గిట్టల మధ్య పుండ్లు. పొద్దున లేచిన జీవాలు సాయంత్రానికి కూలిపోసాగాయి. గుట్ట మీది అమ్మకు మందకొక గొర్రెను బలి ఇవ్వాలని పెద్దలు తీర్మానించారు. ఊరిపెద్ద నర్సప్ప ఆ కబురుతో జక్కవ్వ గడపకు వచ్చాడు.

"మంగళారం నాటికి నీ మందల నుంచి ఒకటి ఇయ్యాలె అవ్వా. ఏదో ఒకటి."

"ఏదో ఒకటంటే ఏది నర్సప్పా?"

"అన్నీ గొర్లే గదా! ఏదైతేంది?"

ఆ మాట జక్కవ్వ గుండెలో ముల్లులా దిగింది. ఇవ్వనంటే ఊరందరి జీవాలకూ కీడు చేసినదవుతుంది. ఇస్తానంటే ఎవరి మెడకు తాడు వేయాలి? రెండు రోజులు ఆలోచించినా ఆమెకు పాలుపోలేదు. మంగళవారం తెల్లవారగానే మందనంతా గుట్ట మీదికి తోలుకుపోయి అమ్మ ముందు కూలబడింది.

"తల్లీ, ఏరుడు నాతోని అయితలేదు. ఒక్కొక్కదాని సంగతి చెప్త. విని, నువ్వే ఏరుకో."

చెప్పడం మొదలుపెట్టింది. "ఇది దొరసాని. అందరు తాగి పోయినంకనే వాగుల మూతి పెడతది. ఇది మూగి, పుట్టినకాన్నుంచి అరవలే. దీని పిల్ల అడుగుల సప్పుడు పట్టుకొని తల్లిని దేవులాడుకుంటది. ఈ పొట్టేలు ఊర్లె అందరిని పొడుస్తది గని, ఉరిమితే నా గొంగట్లకు దూరుతది."

ఎండ నడినెత్తికెక్కింది, పడమటికి వాలింది. జక్కవ్వ గొంతు బొంగురుపోయింది. గొర్రెను అడగడానికి పైకి వచ్చిన నర్సప్ప, ఆ మాటలు వింటూ చేతిలో కత్తితో మెట్టు మీదే నిలబడిపోయాడు.

నలభై ఒక్కటీ అయ్యాయి. చివర మిగిలింది గువ్వ. ఎల్లప్ప పోయిన నాడు అతడు పడుకునే చోట మూడు రోజులు మేత ముట్టకుండా పడి ఉన్న ముసలి గొర్రె. జక్కవ్వ దాని మెడ చుట్టూ చేతులు వేసి తల వంచుకుంది.

"దీని సంగతి చెప్ప తల్లీ. చెప్తే నీకు గూడ దీని మీదనే మనసైతది."

అప్పుడు రాతిలో కదలిక కలిగింది. అమ్మ తల ఎడమకు వాలింది.

"ఆగినవేం బిడ్డా? చెప్పు, వింటున్న."

జక్కవ్వ గువ్వ సంగతి చెప్పింది. విన్నాక అమ్మ పలికింది: "పేర్లు ఎరిగినంక ఇవన్నీ నా ఇంటి పిల్లలే. ఇంటి పిల్లను ఎవరన్న బలి అడుగుతరా? నీ లెక్క ఎవని మంద మొగం వాడు రోజూ చూసుకోమను. మేత విడిచినదాన్ని ఆ పూటనే ఎడంగ కట్టి, ఏపాకు నీళ్లతోని కడగమను."

నర్సప్ప కత్తిని మెట్టు మీద పెట్టి, జక్కవ్వ కాళ్లకు మొక్కాడు. ఆ సాయంత్రం నుంచి కాపరులు ఒక్కొక్క గొర్రె మొహం పట్టి చూశారు. డీలా పడినదాన్ని వెంటనే విడదీశారు. నెల తిరిగేసరికి గాలికుంటు ఊరు విడిచింది.

నేటికీ ఈ గుట్ట మీద కత్తి ఎత్తరు. శ్రావణ మంగళవారాల్లో కాపరులు మందలతో వచ్చి, ఒక్కొక్క గొర్రె పేరూ గుణమూ అమ్మకు విన్నవిస్తారు. ఇప్పుడు మందలు తగ్గాయి, కొన్ని లారీల్లో వస్తున్నాయి, చెవులకు అంకెల బిళ్లలు వేలాడుతున్నాయి. అయినా ఇక్కడ అంకె చెప్పేవారు లేరు. అలా చెప్పుకున్నవారి మంద చల్లగా ఉంటుందని విశ్వాసం.

నిరుడు కాటయ్య అనే వృద్ధుడు ఒట్టి చేతులతో మెట్లెక్కి వచ్చాడు. మంద అమ్ముకుని పన్నెండేళ్లయిందట. అమ్మ ముందు కూర్చుని, కళ్లు మూసుకుని, ఏనాడో పోయిన తన గొర్రెల సంగతులు ఒక్కొక్కటే చెప్పసాగాడు. మధ్యలో ఒక పేరు గుర్తురాక ఆగిపోయాడు. పూజారి హారతి వెలిగించకుండా, వెనక ఉన్నవారు ఒక్క మాట మాట్లాడకుండా, అతనికి ఆ పేరు గుర్తొచ్చేదాకా నిలబడ్డారు.