సిద్దవ్వ వినని చివరి ఆకు

ఏ కాలమో చెప్పలేను, ఏ రాజో అడగొద్దు. కొండ కింది ఊళ్లో తాటాకు పుస్తకాల ఇల్లొకటి ఉండేది. దాన్ని కనిపెట్టుకుని ఉండే ముసలమ్మ పేరు సిద్దవ్వ. పురుగు పట్టకుండా ఆకులకు నూనె రాసేది, అక్షరాలు కనబడేలా మసి పూసేది, అడిగినవాళ్ల చేతికిచ్చేది. ఆ మసి చదివేవాళ్ల వేళ్లకంటితే ఒక పట్టాన పోయేది కాదు. సిద్దవ్వకు మాత్రం చదువు రాదు. నేర్పాలని ఎవరికీ తోచలేదు మరి.

ఆమెకు ఒక్కడే కొడుకు. రాజుగారి యుద్ధానికి పట్టుకుపోయారు, మళ్లీ రాలేదు. అక్కడి పుస్తకమొకదానిలోనూ అలాంటి తల్లే ఉంది. నా కొడుకేడని రాజును నిలదీసి, కొండలు దాటి వెతుక్కుంటూ పోతుంది. జనం దాన్ని చాటుగా, రోజుకింత చదువుకునేవారు. సిద్దవ్వ ప్రాణమంతా ఆ పుస్తకం మీదే.

"ఆ తల్లికి కొడుకు దొరికిండా?" అని నేతగాణ్ని అడిగింది.

"ఇంకా ఆడిదాంక రాలేదవ్వా."

కుమ్మరామెను అడిగింది.

"ఇంకా ఆడిదాంక రాలేదవ్వా."

గొర్రెలు కాసేవాణ్ని అడిగింది. వాడూ అదే మాట.

జనం ఆ పుస్తకం చదువుతున్న సంగతి రాజు చెవిన పడింది. ఒక అధికారి ఊళ్లో దిగాడు.

"రేపు అందరి వేళ్లూ చూస్తాను. మసి ఉన్నవాళ్లను కట్టి తీసుకుపోతాను" అన్నాడు.

తెల్లారేసరికి సిద్దవ్వ ఊరబావి తాడంతా మసి పూసిపెట్టింది. ఊరందరి వేళ్లూ నలుపే. నీళ్లు తోడుకున్న అధికారిగారి వేళ్లు కూడా.

అతనికి ఒళ్లు మండి సిద్దవ్వను పిలిపించాడు.

"చదివినవాళ్ల పేర్లు చెప్పు, పట్టుచీర ఇస్తాను."

"చెప్ప దొరా."

"పాడి ఆవునిస్తాను."

"చెప్ప దొరా."

ఆమె ఆరాటం ఊరెరిగినదే, అతనికీ తెలిసింది. పుస్తకం తెప్పించి చివరి ఆకు తీశాడు. "కొడుకు దొరికాడో లేదో చదివి వినిపిస్తాను. చెప్పు."

సిద్దవ్వ ఎంత ఆశపడిందో పాపం. ఆ ఆకు వైపే చూసింది, చూసింది, చూసింది.

"నా కొడుకును పేరు పెట్టి పిలిచే తీస్కపోయిండ్రు దొరా. నేను ఎవ్వరి పేరూ చెప్ప."

పుస్తకాన్ని పట్టుకుపోయారు. సిద్దవ్వను ఆ పుస్తకాల ఇంటి గడప తొక్కనివ్వలేదు. బయట అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లను అదే అడుగుతూ ఆమె కన్నుమూసింది. ఎవరో ఒకరు అబద్ధమైనా చెప్పి ఉండాల్సింది.

ఎవరేం చదువుతున్నారని ఆ సీమలో ఇప్పటికీ ఎవరూ అడగరు. ఏ పుస్తకమైనా సరే, చివరి ఆకు తిప్పాక వాకిటి వైపు తిరిగి పైకే అంటారు.

"దొరికిండవ్వా. కొడుకు దొరికిండు."