మాంత్రికుడి వాచిన కాలు

అనగనగా మోకాలు వాచిన రాజు ఒకాయన ఉండేవాడు. నవ్వకండర్రా, రాజులకు మాత్రం మోకాళ్ళుండవా? ఆయన పేరు మణిధరుడు. వాపు పెరిగి పెరిగి, పాపం, పడక దిగడమే మానేశాడు.

వైద్యుడొచ్చి చూశాడు. "వావిలాకు కాచిన నీళ్ళు పోసి, పసుపూ ఆముదమూ కలిపి పట్టు వేస్తే దిగిపోతుంది. కానీ ఆ మొక్కలన్నీ జటాలుడనే మాంత్రికుడు పీక్కుని ఏడు సముద్రాల అవతలికి పట్టుకుపోయాడు. మందు పడకపోతే రాజుగారు ఇక లేవరు" అన్నాడు.

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తి పట్టుకుని వెళ్ళాడు, మాంత్రికుడు వాణ్ణి రాయి చేశాడు. రెండోవాడు బల్లెం పట్టుకుని వెళ్ళాడు, వాడూ రాయే అయ్యాడు. మూడోవాడు కేయూరుడు. నాన్న మూలుగు వినలేక వాడూ బయల్దేరాడు.

సముద్రపు ఒడ్డున వలలో చిక్కిన తాబేలును విడిపించాడు. "నా వీపు మీద ఎక్కు నాయనా" అంది తాబేలు. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడు దాటారు. మిగతావి మీరే లెక్కపెట్టుకోండి, నాకు ఓపిక లేదు.

అవతలి ఒడ్డున మాంత్రికుడి తోట. లోకంలోని మందు మొక్కలన్నీ అక్కడే ఉన్నాయి. ఒకమ్మాయి రోట్లో పసుపు దంచుతోంది. ఆమె మాంత్రికుడి కూతురు కుందలత.

"మీ నాన్నకు ఇన్ని మొక్కలెందుకు?" అని అడిగాడు కేయూరుడు.

"ఆయన కాలు వాచిందయ్యా. ఎన్నేళ్ళుగా పట్టు వేస్తున్నా దిగదు. ఇంకాస్త మందు తెస్తే తగ్గుతుందేమోనని ఆశ. ఆ నొప్పితోనే అందరి మీదా మండిపడతాడు" అని కళ్ళు తుడుచుకుంది.

తాబేలు కేయూరుణ్ణి పక్కకు పిలిచింది. "వాడి ప్రాణం ఒడ్డునున్న గుహలో చిలకలో ఉంది. మెడ నులిమెయ్యి" అని చెప్పింది.

కేయూరుడు గుహలోకి వెళ్ళి చిలక మెడ పట్టుకున్నాడు. "మెల్లిగా నాయనా, కాలు సలుపుతోంది" అంది చిలక. చూస్తే ఏముంది, ఇనుప గొలుసు బిగుసుకుపోయి కాలు ఉబ్బిపోయింది. కేయూరుడికి నాన్న మోకాలు గుర్తొచ్చింది. చేయి సడలించాడు. గొలుసు విప్పి, చిలకను ఎత్తుకుని కుందలత దగ్గరికి తెచ్చాడు. ఆమె వావిలాకు నీళ్ళు కాచింది, ఇద్దరూ కలిసి పసుపు పట్టు వేశారు. ఒక పూటకు ఎరుపు తగ్గింది, రెండో పూటకు సలుపు తగ్గింది, మూడో పూటకు చిలక రెండు కాళ్ళ మీదా నిలబడింది.

అప్పుడొచ్చాడు మాంత్రికుడు, పరుగెత్తుకుంటూ! "అమ్మాయీ, నా కాలు చూడవే" అని గంతులేస్తున్నాడు.

"ప్రాణం చిలకలో దాచుకుని, మందు మీ కాలికి రాసుకుంటే ఎలా తగ్గుతుంది మామా?" అన్నాడు కేయూరుడు. చూశారా వాడి ధీమా, అప్పుడే మామా అనేశాడు.

గొలుసు కట్టింది తానేనని మాంత్రికుడికి గుర్తొచ్చింది. చిలకను గుండెలకు హత్తుకుని బావురుమన్నాడు. రాళ్ళైన అన్నలిద్దర్నీ మళ్ళీ మనుషుల్ని చేశాడు. తోటలోని మొక్కలన్నీ వెనక్కి పంపించాడు.

మణిధరుడి వాపు దిగింది. చిన్నకొడుకు పెళ్ళిలో ఆయన పల్లకీ వద్దని, ఊరేగింపంతా నడిచాడు, మధ్యలో రెండుసార్లు చిందులు కూడా వేశాడు. కేయూరుడూ కుందలతా ప్రతి పెరట్లో వావిలి నాటించి, చాలాకాలం చల్లగా రాజ్యమేలారు.

మాంత్రికుడు వాళ్ళ దగ్గరే ఉండిపోయాడు. కాలు ఏ కాస్త సలిపినా పరుగున చిలక దగ్గరికి వెళ్ళి, "నీకెక్కడ నొప్పమ్మా?" అని అడిగేవాడు.