ఏటి గట్టు మీద చింతగింజ

ఊరిపెద్దగా ఎవరు కావాలో ఏటి గట్టు మీద వాళ్ళ కుండలో చింతగింజ వేయడం ఆ ఊరి ఆనవాయితీ. బాతులు మేపుకునే అప్పలనరసమ్మ గింజ వేయబోతే, మళ్ళీ పోటీలో ఉన్న ఊరిపెద్ద వీరభద్రయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"సగం ఏడాది అవతలి ఒడ్డునే ఉంటావు. నువ్వు మా ఊరిదానివెలా అవుతావే?"

"సరే బాబూ. అవతల కోతలయ్యాయి, ఆ మళ్ళలో బాతుల్ని మేపుకొస్తా" అని ఆమె వాటిని ఏటివైపు అదిలించింది.

పొద్దున్నే బాతుగుడ్డు పడందే వీరభద్రయ్యకు నోరు పెగలదని ఊరంతటికీ తెలుసు.

"ఆగు! నా సెలవు లేకుండా ఊరివాళ్ళెవరూ ఏరు దాటకూడదు!"

"నేను ఊరిదాన్ని కాదు కదా బాబూ."

"ఎవరన్నారు? నువ్వు అచ్చంగా మా ఊరిదానివే!"

"అయితే చెయ్యి తియ్యండి."

జనం ఘొల్లున నవ్వారు. ఆయన చెయ్యి తీశాడు. గింజ పక్కనున్న పోటీదారు కుండలో పడింది.

వీరభద్రయ్య ఆ ఒక్క గింజ తేడాతోనే ఓడాడు. సెలవిచ్చే పెద్దరికం పోయింది గనక, బాతులు ఆయన్ని అడక్కుండానే ఏరు దాటాయి.