ఒకే ఎత్తు మనుషులు

పల్లకి మోసేవాళ్ళను తలుచుకుంటే చాలు, తిప్పేస్వామికి ఒళ్ళు మండేది.

రాళ్ళమిట్ట మఠానికి రాకముందు ఆయన పోలీసు బెటాలియన్‌లో కుర్రాళ్ళకు డ్రిల్లు నేర్పేవాడు. ఉద్యోగం వదిలేసి, కాషాయం కట్టి, పంపన్న తాత దగ్గర శిష్యుడిగా చేరాడు. కాషాయం కట్టాడే గాని నడకలో బూట్ల చప్పుడు పోలేదు. మఠంలో గిన్నెలు కూడా వరస తప్పకుండా బోర్లించేవాడు. భజనకు వచ్చిన ముసలమ్మలను "సమంగా కూచోండమ్మా, ఆ చివర వంకర పోయింది" అని సర్దేవాడు. వాళ్ళు నవ్వుకుని ఆయనకు డ్రిల్లుసామి అని పేరు పెట్టారు.

ఆయన బాధంతా కొండ పండగ గురించే.

ఏటా విత్తనాల కాలానికి ముందు, మఠం కట్టిన పెద్దగురువు పాదుకలను పల్లకిలో పెట్టి కొండ మీది గుడికి మోసుకుపోతారు. పాదుకల ముందు వెడల్పాటి ప్రమిదలో అంచుదాకా ఆముదం పోసి, మఠంలోనే దీపం వెలిగిస్తారు. వెలిగించాక దాన్ని ఎవరూ చేత్తో తాకకూడదు. ఆ దీపంతోనే కొండ మీది పెద్దదీపం వెలగాలి. చుట్టుపక్కల పల్లెల్లో జనం సాయంత్రం మిద్దెలెక్కి కొండవైపు చూస్తుంటారు. వెలుగు కనపడితే తెల్లవారి విత్తనాలు వేయడానికి గొర్రు కడతారు. దారిలో ఆరిపోయిందంటే ఆ ఏడాది కొండకు దీపం లేనట్టే. అట్లా ఆరిన ఏడాదిని చూశామన్నవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

పంపన్న తాత వసారాలో కూర్చుని విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తుంటే తిప్పేస్వామి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"తాతా, మన పల్లకిని చూస్తే నవ్వొస్తాది."

"నవ్వొస్తే నవ్వుకోప్పా. మంచిదే కదా."

"అది కాదు తాతా. పోయినేడు జనంలో నిలబడి చూసినా. ముందర మోసే మారెన్న, బీరప్ప నా రొమ్ముకు కూడా రారు. వెనక గంగులప్ప, వాళ్ళన్న చూస్తే తాటిచెట్లు. ఒగనికి గొంగడి, ఒగనికి లుంగీ, ఒగనికి ప్యాంటు. మఠం వాకిట్లో గంగులప్ప వంగి వంగి నడుస్తాంటే జనం నవ్వినారు."

"నీకేం కావాలబ్బా?"

"యూనిఫాం."

"బట్టలా?"

"బట్ట ఒకటే కాదు తాతా. బట్ట, ఎత్తు, అడుగు, అన్నీ. ఒగనికీ ఇంకొగనికీ తేడా ఉండకూడదు. చూసేవానికి నలుగురు కనపడకూడదు, ఒగడే కనపడాల. అదీ యూనిఫాం అంటే."

తాత ఒక కాయను వేళ్ళ మధ్య చిట్లించి, గింజలు చాటలో వేశాడు. వాదిస్తాడనుకుని తిప్పేస్వామి నాలుగు జవాబులు సిద్ధం చేసుకుని వచ్చాడు. వాటి అవసరమే రాలేదు.

"సరే, ఈ ఏడు నీకే అప్పజెప్తి. దీపం పైకి చేర్చు," అన్నాడు తాత.

మరుసటి రోజునుంచి తిప్పేస్వామిని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. చుట్టుపక్కల కుర్రాళ్ళను పిలిపించి, వీపుకు వీపు ఆనించి నిలబెట్టి, తలల మీద చెయ్యి ఆడించి చూసి నలుగురిని ఏరుకున్నాడు. అచ్చు పోసినట్టున్నారు నలుగురూ. ఒకే తాను నుంచి తెల్ల జుబ్బాలు కుట్టించాడు. పసుపు తలపాగాలు చుట్టడం తనే నేర్పాడు. మఠం వాకిట్లో పొద్దున, సాయంత్రం ఖాళీ పల్లకితో నడిపించాడు. పల్లకిలో నిండు చెంబు పెట్టి నడిపిస్తే చుక్క తొణకలేదు. కొండదారిన పల్లకి ఏడాదికి ఒక్కసారే ఎక్కాలని ఆచారం. అందుకని కొండ మీద సాధన చేయించలేదు. నేల మీద ఇంత బాగా కుదిరింది, కొండ మీద కుదరకేం అనుకున్నాడు.

మారెన్న, బీరప్ప అన్నదమ్ములు, గొర్రెలు కాసుకునేవాళ్ళు. సంగతి తెలిసి మారెన్న మఠానికి వచ్చాడు.

"సామీ, మా తాత మోసినాడు, మా నాయన మోసినాడు. మేం చేసిన తప్పేంది?"

"తప్పేం లేదు మారెన్నా. ఎత్తు చాలదు."

"ఎత్తు చాలదని మా గొర్రెలు ఎప్పుడూ అనలేదే సామీ!"

తిప్పేస్వామికి నవ్వొచ్చింది గాని మాట మారలేదు. మారెన్న వెనకాలే వచ్చిన గంగులప్ప గడప దగ్గర తల వంచి లోపలికి తొంగి చూశాడు.

"మరి నన్నెందుకు తీసేసినావు సామీ?"

"నీకు ఎక్కువైంది."

"వానికి తక్కువ, నాకు ఎక్కువ. ఇద్దరినీ కలిపి కొలిచి సగానికి కోసుకో సామీ, నీకు కావలసినోళ్ళు వస్తారు!"

గంగులప్ప నవ్వుతూ అన్నాడు గాని, వాళ్ళన్న మాత్రం నవ్వలేదు. "వద్దన్న చోటికి నేనెందుకు పోవాల" అని పండగకే రానన్నాడు. మారెన్న కళ్ళు తుడుచుకుంటూ తాత దగ్గరికి పోతే, తాత అతని దోసిట్లో గుప్పెడు గింజలు పోసి, "పండగనాడు రాండప్పా. ఊరికే నడిచేకన్నా రాండి," అన్నాడు.

పండగ రోజు మధ్యాహ్నం ఎండ వాలుతుండగా పల్లకి లేచింది. ఉరుము వాద్యాలు మోగాయి. తిప్పేస్వామి ముందు నిలబడి ఈల ఊదాడు. నాలుగు తెల్ల జుబ్బాలు ఒక్కసారి కదిలాయి, నాలుగు పాదాలు ఒక్కసారి పడ్డాయి. ప్రమిదలో దీపం పటంలో దీపంలా నిలబడి ఉంది. గోడలెక్కిన పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళు "అబ్బ, ఒకే తల్లి పిల్లల మాదిరి ఉండారు" అన్నారు. సెల్‌ఫోన్లు పైకి లేచాయి. తిప్పేస్వామి గుండె ఉప్పొంగింది. వెనక్కి తిరిగి తాతను చూశాడు. తాత తనకన్నా పొడుగైన కర్ర పొడుచుకుంటూ జనంలో కలిసి వస్తున్నాడు.

వాకిలి దాటారు. రాళ్ళబాట దాటారు. కొండదారి నిటారుగా లేచింది.

పల్లకి తల పైకి లేచింది. వెనక భాగం కుంగింది. ముందు ఇద్దరూ పైమెట్టు మీద, వెనక ఇద్దరూ కిందిమెట్టు మీద. ప్రమిదలో ఆముదం వెనక్కి జరిగి, అంచు దాటి, పల్లకి చెక్క మీద సన్నగా కారింది.

"వెనకోళ్ళు, ఎత్తండి!" అని అరిచాడు తిప్పేస్వామి.

వెనక కుర్రాళ్ళు పల్లకి బొంగును భుజం మీంచి తీసి అరచేతులతో పైకెత్తారు. బరువంతా వాళ్ళ మీదే పడింది. రెండు మెట్లకే చేతులు వణికాయి.

"ముందరోళ్ళు, వంగండి!"

మోకాళ్ళు వంచి కొండ ఎక్కడం ఎవరి వల్ల అవుతుంది? ముందు కుర్రాడు తూలాడు. ఆముదం ఇంకో చారగా కారింది. ముందువైపున్న వత్తి నూనె తగలక పొడిబారింది. మంట కుంచించుకుపోయి నీలం పూసంత అయింది.

ఉరుములు ఆగిపోయాయి. పల్లకిని ఊతకర్రల మీద నిలబెట్టారు. జనంలోంచి ఒక ముసలమ్మ గొంతు వినబడింది. "నాయనా, రేపు గొర్రు కట్టాల! ఆర్పేస్తారేమిరా?"

ఈల తిప్పేస్వామి మెడలో వేలాడుతోంది. వేసిన బట్ట ఒకటే, నేర్పిన అడుగు ఒకటే. ఎక్కడ తప్పిందో ఆయనకు తెలియలేదు.

పంపన్న తాత జనాన్ని తప్పించుకుంటూ వచ్చాడు. చేతికర్ర ఒక కొసను ముందు కుర్రాడి భుజం మీద పెట్టి, కర్రను వెనక్కి అడ్డంగా చాచి పట్టుకున్నాడు. రెండో కొస వెనక కుర్రాడి తలపాగా కన్నా పైన, గాల్లో నిలిచింది.

తిప్పేస్వామి ఆ ఖాళీ వైపు చూశాడు.

"మారెన్నా, రాప్పా. బీరప్పా, నువ్వు ఆ పక్క," అన్నాడు తాత.

అన్నదమ్ములిద్దరూ ఎగిరినట్టే వచ్చి ముందు బొంగు కింద దూరారు. పల్లకి తల దిగింది.

"గంగులప్పా, వెనక."

"ఇదిగో తాతా."

"మీ అన్న?"

"రాలేదు తాతా. అలిగినాడు."

తాత తల తిప్పి తిప్పేస్వామిని కాలినుంచి తలదాకా చూశాడు. కుర్రాళ్ళను ఏరేటప్పుడు తిప్పేస్వామి చూసిన చూపే అది.

తిప్పేస్వామి ఈల తీసి పక్కనున్న కుర్రాడి చేతిలో పెట్టాడు. పైబట్టను మడిచి భుజం మీద వేసుకుని, వెనక బొంగు కిందికి పోయి గంగులప్ప పక్కన నిలబడ్డాడు.

తాత మళ్ళీ కర్ర చాచాడు. ఈసారి అది మారెన్న గొంగడి మీద ఒక కొస, తిప్పేస్వామి కాషాయం మీద ఒక కొస ఆనించి, పడుకోబెట్టినట్టు కూర్చుంది. ఆముదం మెల్లగా ముందుకు పాకి వత్తిని తడిపింది. నీలం పూస పసుపు రంగుకు తిరిగి, ఆకంత అయి, నిలబడింది.

"పదండి," అన్నాడు తాత.

"హోయ్!" అన్నాడు మారెన్న.

"హోయ్!" అన్నాడు వెనకనుంచి గంగులప్ప.

ఉరుములు మళ్ళీ లేచాయి. ఒకరిది చిన్న అడుగు, ఒకరిది బార అడుగు. ఒకరిది గొంగడి, ఒకరిది లుంగీ, ఒకరిది ప్యాంటు, ఒకరిది కాషాయం. తిప్పేస్వామి భుజం ఒరుసుకుపోతోంది. చెమట కళ్ళలోకి దిగుతోంది. ఆయన మాత్రం దీపం మీదినుంచి చూపు తిప్పలేదు. మెట్టు నిటారైన చోట కూడా అది వాలలేదు. తెల్ల జుబ్బాల కుర్రాళ్ళు పక్కన పరుగెత్తుతూ "సామీ, నిలబడింది! సామీ, నిలబడింది!" అని అరుస్తున్నారు. ఎప్పుడు నోరు తెరిచాడో ఆయనకే తెలియదు, అందరికన్నా గట్టిగా తనే "హోయ్" అంటున్నాడు.

పొద్దు గుంకే వేళకు కొండ మీద పెద్దదీపం భగ్గుమని లేచింది. తర్వాత ఒక పల్లె మిద్దె మీద చిన్న వెలుగు పుట్టింది. దాని పక్క పల్లెలో ఇంకొకటి. ఆ తర్వాత చూపు ఆనినంత మేరా వెలుగులే. టపాకాయలు పేలాయి. గాలి వాటుకు కేకలు కొండెక్కి వచ్చాయి. మారెన్న తమ్ముణ్ణి పట్టుకుని ఏడుస్తూ నవ్వాడు. గంగులప్ప తిప్పేస్వామిని నడుము పట్టి అమాంతం పైకెత్తాడు. "సామీ, నీకు నేనింకా ఎక్కువేనా?" అంటే ఆయన నవ్వలేక నవ్వాడు.

పాదుకలు పంట ఇంటికి వచ్చేదాకా కొండ మీదే ఉంటాయి. తెల్లవారాక ఖాళీ పల్లకితో దిగాలి. తాత మెట్టు మీద కూర్చుని మోకాళ్ళు పిసుక్కుంటున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన పల్లకి ఎక్కింది లేదు.

"కాళ్ళు పోయినాయప్పా. సమంగా దించుతారంటే ఇందులో పడుకుంటా. లేదంటే కూచోని జారుకుంటా పోతా, నాకేం సిగ్గు లేదు."

అందరూ నవ్వారు. మారెన్న, బీరప్ప అలవాటు చొప్పున ముందు బొంగు దగ్గరికి నడిచారు.

తిప్పేస్వామి వాళ్ళ భుజాల మీద చేతులు వేసి, మెల్లగా వెనక్కి తీసుకుపోయి నిలబెట్టాడు. గంగులప్పకు సైగ చేసి, తను ముందుకు వచ్చి బొంగు కింద భుజం పెట్టాడు.

"అదేంది సామీ, మేం ఎప్పుడూ ముందరే కదా?" అన్నాడు బీరప్ప.

"ఎక్కేటప్పుడు," అన్నాడు తిప్పేస్వామి.

పల్లకిలో ఒక కాలు పెట్టిన తాత ఆగి, శిష్యుడి వైపు ఒకసారి చూశాడు. లోపలికి పోయి, కర్ర పక్కన పెట్టుకుని వెల్లకిలా పడుకున్నాడు.

మొదటి మలుపు తిరగకముందే పల్లకిలోంచి గురక వినబడింది.