అమ్మ కోపం ఆట

కొండవాలున దిరిసెన చెట్టు మొదట్లో ఒక బొరియ ఉండేది. అందులో గవరమ్మ అనే ముళ్ళపంది తన ముగ్గురు పిల్లలతో కాపురముండేది. కోపం విషయంలో ఆ అడవిలో గవరమ్మ తర్వాతే ఎవరైనా. పులికి కూడా ఆకలేస్తేనే కోపం వచ్చేది. గవరమ్మ కోపానికి ఆకలితో పని లేదు, వేళతో పని లేదు. కోపం వచ్చిందంటే ఒంటి మీద ముళ్ళన్నీ లేచి గలగలలాడేవి. ఆ చప్పుడు వింటే ఎలుగుబంటి సైతం మనకెందుకులే అని దారి మార్చుకునేది.

ఆ చలికాలం దాని కోపానికి హద్దు లేకుండా పోయింది. పుష్యమాసం. పొద్దు బారెడెక్కినా మంచు విడిచేది కాదు. పదడుగుల అవతల ఏముందో కంటికి ఆనేది కాదు. నేల బిగుసుకుపోయి ఒక్క దుంప పెకలించేసరికి గోళ్ళు నొప్పి పుట్టేవి. మొగుడేమో వానాకాలం చివర్లో వద్దు వద్దంటే వినకుండా ఊరివాళ్ళ చిలగడదుంపల చేలోకి పోయి ఉచ్చులో పడి చచ్చాడు. చలి మీద కోపం, మంచు మీద కోపం, అన్నిటికంటే ఎక్కువగా ఆ చచ్చినవాడి మీద కోపం. చచ్చినవాణ్ణి ఏం తిడుతుంది? బతికున్న ముగ్గురినీ తిట్టేది.

పెద్దది పైడి, నడిపివాడు అప్పన్న, చిన్నది నూకాలు. ముగ్గురికీ ముళ్ళు ఇంకా ముదరలేదు. ఆ లేత ముళ్ళు చప్పుడు చెయ్యవు, శత్రువుని గుచ్చవు. అందుకే తెల్లవారి దుంపలకి బయల్దేరుతూ గవరమ్మ రోజూ ఒకటే మాట చెప్పేది.

"గడప దాటేరంటే కాళ్ళిరగ్గొడతాను. నానొచ్చేదాకా లోపలే పడుండండి."

"లోపలేటి సెయ్యాలే అమ్మా? ఏటీ తోసటం నేదు," అనేది నూకాలు.

"తోసకపోతే గోడకేసి తల బాదుకో!" అని వెళ్ళిపోయేది గవరమ్మ.

ఒకరోజు వాగు పక్కన దుంప తవ్వుతుంటే మంచులోంచి నక్క గురువులు వచ్చాడు. మనిషి కనిపించకముందే మాట వినిపించింది. వాడి పద్ధతే అది.

"ఏటొదినా, ఇంత సలిలో ఒక్కదానివే కష్టపడతన్నావు? అన్న బతికుంటే నీకీ అవస్త ఉండునా?"

"అన్న సంగతి నీకెందుకు? నీ దారిన నువ్వెల్లు," అంది గవరమ్మ తలెత్తకుండానే.

"ఎల్తాను. కానీ ఓ మాట సెప్పకపోతే నా మనసు ఊరుకోదు. సెప్తే నీకు కోపమొస్తాది."

"సెప్పకపోతే ఇంకా వస్తాది. సెప్పి సావు."

గురువులు రెండడుగులు వెనక్కి వేసి, గొంతు తగ్గించాడు. "నువ్విక్కడ గోళ్ళరిగేలా తవ్వుతన్నావా, అక్కడ నీ పిల్లలు నీ వేషం కడతన్నారు. నీలాగే అరుస్తన్నారు, నీలాగే తిడతన్నారు. నీ ముళ్ళ సప్పుడుకి ఎండు దిరిసెన కాయలు నడుముకి కట్టుకుని గలగలలాడిస్తన్నారు. అడివంతా నవ్వుతన్నాది ఒదినా. పరాయివాణ్ణి, నాకే తల కొట్టేసినట్టయింది. ఆ ఆట మానిపించుకో."

గవరమ్మకి ఒళ్ళు మండిపోయింది. తవ్విన దుంపని అక్కడే వదిలేసి ఇంటికి నడిచింది. బొరియ దగ్గర ఆగి చెవి పెట్టింది. లోపల్నుంచి సాక్షాత్తూ తన గొంతే.

"ఒలే నూకాలూ! దుంపతొక్క పారెయ్యొద్దని నీకెన్నిసార్లు సెప్పాలే? నా కరమ! నా కరమ కాకపోతే మీరు నా కడుపునెందుకు పుడతారు!" గలగలా గలగలా. అది పైడి. వెనకాల నూకాలు కిలకిల నవ్వు.

తర్వాత పైడే మళ్ళీ, ఈసారి కాస్త తగ్గిన గొంతుతో, "ఏమయ్యా, ఆ సేలోకెల్లొద్దు. నా మాటినుకో," అంది.

అప్పన్న తండ్రిలా బొంగురు గొంతు పెట్టి, "అలాగేలేవే. ఎల్లను. ఇంట్లోనే ఉంటాను," అన్నాడు.

ఆ మాట గవరమ్మకి గుండెలో దిగబడింది. నిజంగా ఆ రోజు మొగుడు ఆ మాట అనలేదు. అని ఉంటే ఈ చలికాలం ఇలా ఉండేది కాదు. ఏడుపు వచ్చింది. ఏడవడం దానికి చేతకాదు గనక కోపమే వచ్చింది. లోపలికి దూకి పైడి నడుముకున్న కాయల దండ తెంపి, ఒక్కో కాయా పొడి పొడి అయ్యేదాకా తొక్కింది.

"నాను సచ్చీ సెడీ తిండి తెస్తంటే నా మీద ఆటలా? అడివంతా నవ్వుతన్నాదంట! ఇయాల్టి నుంచీ ఈ ఇంట్లో ఎవరి నోరు లేచినా, ఆ నోట్లో మట్టి కొడతాను!"

"ఎవరూ నవ్వటం నేదే అమ్మా. మేవే..." అని పైడి ఏదో చెప్పబోయింది.

"నోరుముయ్!"

ముయ్యమన్నాక ముగ్గురూ మూశారు. ముగ్గురూ మూడు మూలలకి పోయి కూర్చున్నారు. సాయంత్రం ఇంట్లో మిగిలిన దుంప ముక్కలు ముందు పెడితే ఎవరూ ముట్టలేదు. పక్కన పడుకున్న నూకాలు కాళ్ళు తగిలితే చల్లగా బిగుసుకుపోయి ఉన్నాయి. ఇన్నాళ్ళూ తను ఇంటికి వచ్చేసరికి పిల్లల ఒళ్ళు వెచ్చగా ఉండేది. ఎందుకుండేదో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ నిశ్శబ్దం చూసి గవరమ్మకి ఇంకా కోపమొచ్చింది, ఈసారి ఎవరి మీదో దానికే తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే మంచులో బయల్దేరితే వాగు దారిలో కుందేలు సన్నాసమ్మ ఎదురైంది. కడుపులో మంట చల్లారలేదు, దొరికినదాన్ని పట్టుకుంది.

"ఏమే సన్నాసమ్మా, నా పిల్లల ఆట సూసి నువ్వూ నవ్వేవా? నీ పళ్ళు రాలగొట్టనా?"

కుందేలు బెదిరిపోయింది. "ఏ ఆటమ్మా? నాకే ఆటా తెలవదు. పొద్దున్న నీ ఇంటి ముందునుంచి ఎల్తే నీ తిట్లే ఇనపడతాయి. గవరమ్మ ఇంట్లోనే ఉన్నాది, నక్క గిక్క ఇటు రాదు అని ధైర్యంగా మేసుకుంటాం మేం. నిన్ననే మా మనవడన్నాడు, ఈ గవరమ్మ దుంపలకి ఎప్పుడెల్తాదో గాని ఎప్పుడూ ఇంట్లోనే అరుస్తాదని."

గవరమ్మ దాని దగ్గరికి జరిగింది.

"అయితే అది నా గొంతు కాదని ఎవరికీ తెలవదా?"

"ఎలా తెలుస్తాదమ్మా? నువ్వు లోపలున్నావో, బయటున్నావో ఈ మంచులో ఎవరికి కనపడతాది? సెవికి ఇనపడిందే మాకు తెలుసు."

ముళ్ళు ఒకటొకటే లేవడం మొదలెట్టాయి. ఎవరికీ తెలియనిది గురువులికి ఎలా తెలిసింది? తనని వాగు దగ్గర చూసి, వెంటనే బొరియ దగ్గరికి పోయి చెవి పెట్టినవాడికే తెలుస్తుంది. బొరియ దగ్గర వాడికేం పని? వాగు నుంచి బొరియకి చేరేలోగా ఈ మంచులో తను తిరిగొచ్చేసిందేమో, లోపల అరిచేది తనో పిల్లలో తెలియక ఇన్నాళ్ళూ ఆగాడు. తల్లే అయితే మూతి నిండా ముళ్ళు దిగుతాయని భయం. ఆట మానిపిస్తే ఇంక భయం లేదు. అరుపు వినపడితే తల్లి ఉన్నట్టు, ఇల్లు మౌనంగా ఉంటే లేనట్టు. వాడి చెవికి కావలసిన మౌనాన్ని తనే, తన నోటితోనే, తన పిల్లల్ని తిట్టి మరీ ఇచ్చింది!

"ఓలమ్మో, నా బుద్ధి మండా!" అని వెనక్కి తిరిగి పరుగందుకుంది. ముళ్ళపందికి పరుగు రాదు. అయినా పరుగెత్తింది. గురువుల్ని తిడుతూ సగం దారి, తనని తాను తిట్టుకుంటూ సగం దారి.

ముగ్గురూ మూలల్లోనే ఉన్నారు. గవరమ్మ ఊపిరి తిరిగాక సంగతంతా చెప్పింది. "వాడొస్తాడు. ఇయాలే వస్తాడు. మీరు లోపలికంటా ఎల్లిపోండి. నాను గుమ్మానికి వీపు పెట్టి కిక్కురుమనకుండా కూకుంటాను. వాడు తల పెట్టాలి, అంతే."

చెప్పినంత తేలిక కాలేదు. నోరు మూసుకుంది గాని ముళ్ళు ఊరుకోవే! గురువులు అన్న మాటలు తలచుకున్నప్పుడల్లా గలగల, గలగల. "ఒదినా" అన్నది గుర్తొస్తే మళ్ళీ గలగల. ఆ చప్పుడు వింటే నక్క అటునుంచి అటే పోతాడు, రేపు మళ్ళీ వస్తాడు, ఎల్లుండి వస్తాడు. తను ఎన్నాళ్ళు తిండి తేకుండా కాపలా కూర్చుంటుంది?

"ఊరుకోవే అమ్మా," అంది నూకాలు.

"ఊరుకోడం నా సేతిలో ఉన్నాదేటే! కోపం నాది గాని ముళ్ళు నా మాటినవు!"

పైడి అమ్మ దగ్గరికి జరిగింది. "అయితే ఊరుకోకు. మా ఆటే అనుకుంటాడు. నువ్వు నన్ను ఆడు."

"నిన్ను ఆడడమేటి?"

"నేను నిన్ను ఆడతాను కదా. అలా ఆడే నన్ను నువ్వు ఆడు."

గవరమ్మకి మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక సిగ్గేసింది. ఈ వయసులో ఆటలేమిటి? కానీ వేరే దారి లేదు. గొంతు సవరించుకుని, "ఒలే నూకాలూ! దుంపతొక్క ఎందుకు పారేసేవే!" అంది.

నూకాలు నిజంగానే జడిసి మూలకి పోయింది.

"అలా కాదే. నిజంగా తిడతన్నావు నువ్వు," అంది పైడి. "గొంతు సన్నం సెయ్యి. నా కరమ అన్నది నాలుగుసార్లు అనాల. కళ్ళు పైకి తిప్పాల."

"నేను కళ్ళు పైకి తిప్పుతానా?"

"తిప్పుతావు," అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

గవరమ్మ కళ్ళు పైకి తిప్పింది. గొంతు సన్నం చేసి, "నా కరమ! నా కరమ! నా కరమ! ఓలమ్మో నా కరమ!" అని కీచుమంది. మొదట అప్పన్నకి నవ్వొచ్చింది. తర్వాత నూకాలికి. "ఎవడ్రా నవ్వింది!" అని గవరమ్మ మండిపడింది. ముళ్ళు గలగలలాడాయి. అది ఆటో నిజమో తెలియక పిల్లలు పొర్లిపొర్లి నవ్వారు. ఆ కీచుగొంతు తన చెవికే విని, కోపంలోనే, గవరమ్మకి కూడా నవ్వు తన్నుకొచ్చింది. ఆ చలికాలంలో అదే మొదటిసారి.

సరిగ్గా అప్పుడు గుమ్మం దగ్గర వెలుతురు తగ్గింది.

"ఆఁ, మళ్ళీ మొదలెట్టేరా పిల్లగుంటల్లారా!" అన్నాడు గురువులు. నోట్లో నీళ్ళూరుతున్నాయి. "అమ్మ వద్దన్నాది కదా, ఎండుకాయలు మళ్ళీ కట్టేరా? ఆ సప్పుడికి నేనింక బెదరను."

గవరమ్మ పైడి చెప్పినట్టే కీచుమంది. "ఎవడ్రా అది! నేను గవరమ్మని! నా కరమ!"

పిల్లలకి నవ్వు ఆగలేదు. గురువులికీ ఆగలేదు. "నువ్వు గవరమ్మవా? గవరమ్మ తిడితే నవ్వే పిల్ల ఈ కొండ మీద ఇంతవరకు పుట్టనేదు! ఆ మనిషి పిల్లలతో ఆడతాదంటే సెవులున్నవాడెవడూ నమ్మడు!"

అని చీకట్లో గలగలలాడే ముళ్ళలోకి మూతి పెట్టి, నోరు తెరిచి దూరాడు.

గవరమ్మ ఉన్నపళంగా వెనక్కి దూకింది. ఇన్నాళ్ళ కోపమంతా ఆ దూకుడులో ఉంది. మూతి మీద, పెదవుల మీద, నాలుక మీద ముళ్ళు దిగాయి. గురువులు గుమ్మం బయటపడి దొర్లాడు.

"ఒదినా! నువ్వా? నువ్వు ఆడతన్నావా!"

"ఆడతన్నాను రా! నా ఇల్లు, నా పిల్లలు, నా ఇష్టమొచ్చినట్టు ఆడతాను! నా ఇంట్లో పిల్లలు నవ్వితే నీకు తల కొట్టేసినట్టయిందా? ఇప్పుడు నిజంగా కొట్టేస్తాను, రా ఇలాగ!"

"ముళ్ళు తియ్యొదినా... నీ కాళ్ళట్టుకుంటాను..."

"పట్టుకో. అక్కడా ఉన్నాయి ముళ్ళు."

గురువులు ఆ మూతితోనే కొండ దిగాడు. మింగడానికి వీల్లేదు, మూయడానికి వీల్లేదు. దారిపొడుగునా ఏమైంది గురువులూ అని అడిగినవాళ్ళకి చెప్పడానికి కూడా వాచిన నాలుక తిరగలేదు. అడవంతా ఆ రోజు నవ్వింది.

గవరమ్మ కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. ఆ సాయంత్రం దుంపతొక్క పారేసినందుకు అప్పన్నని తిట్టింది కూడా. తిట్టాక మాత్రం పైడి వైపు తిరిగి, "కళ్ళు పైకి తిప్పేనా?" అని అడిగింది. తిప్పావని చెబితే మళ్ళీ కోప్పడింది. నూకాలు మట్టుకు ఆ రాత్రి వెచ్చటి కాళ్ళతో పడుకుంది.

మీ ఇంట్లో పిల్లల నవ్వు ఆపమని సలహా ఇవ్వడానికి వచ్చినవాడు ఎంత మర్యాదగా మాట్లాడినా సరే, ముందు వాడి కడుపు నిండి ఉందో లేదో చూడండి.