తేమగాలి మామ్మ చప్పరించిన చెక్క

ఒకప్పుడు చెక్కలు మెత్తబడేవే కావు. మూకుడులోంచి తీసినరోజు ఎలా కరకరలాడేవో, ఆరు నెలలు చేటలో వదిలేసినా అలాగే కరకరలాడేవి. వాటికి మూత పెట్టాలని ఎవరికీ తోచేది కాదు. బయట జడివాన కురుస్తున్నా అరుగు మీద చేట పెట్టుకుని తింటూ కూర్చునేవారు.

ఆ రోజుల్లో సముద్రానికీ కొండకీ మధ్య ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో నూకరత్నం అనే ఆవిడ చెక్కలు చేసేది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, జీలకర్ర, కారం, కరివేపాకు, కాసింత వెన్న వేసి కలిపి, అరిటాకు మీద వేళ్ళతో పల్చగా వత్తి నూనెలో వేసేది. ఆవిడ చెక్క కొరికితే మూడో ఇంటికి వినపడేది. ఆ చప్పుడంటే ఆవిడకి మహా గర్వం. మనసు మంచిదే, కానీ నోరు కాస్త దురుసు.

చెక్క తినడంలో ఎవరి తీరు వాళ్ళది. ఉడత రెండు చేతులా పట్టుకుని, గుండ్రంగా తిప్పుతూ అంచు నుంచి కొరుక్కొచ్చేది. చిలక పప్పులు మాత్రం ఏరుకుని మిగతాది కింద పడేసేది. అది చీమలకు పండగ. పిల్లలు నడిమధ్య కన్నం చేసి, వేలికి ఉంగరంలా తొడుక్కుని, చుట్టూ కొరికేవారు. నూకరత్నం మొగుడు సూరప్పడికైతే పెరుగన్నంలో నంజుకోవడానికి చెక్క ఉండాల్సిందే. అది లేకపోతే ముద్ద దిగేది కాదు.

ఏటా మృగశిర కార్తె రాగానే సముద్రం మీంచి తేమగాలి మామ్మ వచ్చేది. మబ్బుల్ని మేకల్లా తోలుకొచ్చి కొండ దగ్గర వదిలేది. వాన కురిసేది, నారుమళ్ళు పచ్చబడేవి. మామ్మ చాలా ముసలిది. భూమి పుట్టినప్పటినుంచీ తిరుగుతూనే ఉంది కదా, నోట్లో ఒక్క పన్ను మిగల్లేదు.

ఒక ఏడు మామ్మ నూకరత్నం అరుగు దగ్గర ఆగిపోయింది. లోపల చెక్కలు వేగుతున్నాయి. అరుగు మీద పిల్లలూ ఉడతా చిలకా అందరూ కరకరమని తింటున్నారు. మామ్మకి నోరూరింది. తనకీ ఒకటి పెట్టమని అడిగింది.

నూకరత్నం సంతోషంగానే ఇచ్చింది. మామ్మ దాన్ని నోట్లో ఈ పక్కకి తోసింది, ఆ పక్కకి తోసింది. చెక్క జారిపోయి నేల మీద పడింది. పిల్లలు ఫక్కున నవ్వారు. వాళ్ళతో పాటు నూకరత్నమూ నవ్వి, నోరు ఊరుకోక ఒక మాట అనేసింది.

"పళ్ళు లేనమ్మకి చెక్కలెందుకు మామ్మా? పోయి గంజి తాగు."

మామ్మ వెనక్కి తిరిగింది. తెచ్చిన మబ్బుల్ని తెచ్చినట్టే తోలుకుని సముద్రం మీదికి పోయి, ఊరికి వీపు పెట్టి కూర్చుంది.

మృగశిర పోయింది. ఆరుద్ర వచ్చింది. ఒక్క చినుకు పడలేదు. నారుమడి పసుపు రంగుకు తిరిగింది. కావిళ్ళతో నీళ్ళు మోసి మోసి సూరప్పడి భుజం కాయ కట్టింది. బావిలో నీళ్ళు అడుగంటాయి. ఒకరోజు మధ్యాహ్నం అతను పెరుగన్నం కలుపుకుని కూడా చెక్క ముట్టుకోలేదు. ఇంకో నాలుగు రోజులు చూద్దామనీ, ఆపైన నారు మీద ఆశ వదులుకోవడమేననీ నెమ్మదిగా చెప్పాడు. నారు పోతే ఆ ఏడు ఊరందరికీ పస్తులే.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. తన నోటి దురుసుకి ఊరే ఎండిపోతోందని తలుచుకుంటే నూకరత్నానికి సిగ్గేసింది. కొంగులో చెక్కలు కట్టుకుని సముద్రం ఒడ్డుకు పోయి, తప్పయిందని చెప్పి మామ్మకి దండం పెట్టింది.

మామ్మ ఇటు తిరగలేదు. "దండాలు నాకెందుకే? లోకమంతా కరకరలాడిస్తుంటే వింటూ తిరుగుతున్నాను. ఒక్కసారి ఆ రుచి నాకూ చూపించు, వస్తాను" అంది.

నూకరత్నం తనకు తోచినవన్నీ చేసింది. ముందు ఉడతని అడిగితే అంచు నుంచి కొంచెం కొంచెం కొరకమంది. మామ్మ చిగుళ్ళు నొప్పెట్టాయి. తర్వాత ఇంటికి పరుగెత్తి చెక్కల్ని రోట్లో దంచి పొడి తెచ్చింది. మామ్మ ఊపిరి తీసి వదిలేసరికి ఆ పొడంతా ఎగిరొచ్చి నూకరత్నం ముఖాన పడింది. కనుబొమ్మల దాకా తెల్లబడి, కళ్ళలో కారం పడి ఆవిడ గంతులేసింది. కాకి వచ్చి, తనైతే గట్టి రొట్టెను నీళ్ళలో ముంచుకుని తింటానంది. సరేనని చెక్కను నీళ్ళలో నానబెడితే అది ముద్దయిపోయింది.

మామ్మ దాన్ని నాకి చూసి, ఇదీ గంజే కదా అంటూ మళ్ళీ ముఖం తిప్పుకుంది.

నూకరత్నం ఇసుకలో కూలబడి ఏడ్చింది. ఏడుస్తుంటే ఆవిడకి పోయిన అత్తగారు గుర్తొచ్చింది. ఆవిడకీ చివరికి పళ్ళన్నీ ఊడిపోయాయి. అయినా మధ్యాహ్నం ఒక చెక్క దవడన పెట్టుకుంటే దీపాలవేళ దాకా దాంతోనే గడిపేది. అదేం తిండి అత్తా అంటే, రుచి పళ్ళలో లేదే, ఓపికలో ఉంది అనేది.

నూకరత్నం కళ్ళు తుడుచుకుని లేచింది. ఒక చెక్క తీసి మామ్మ చేతిలో పెట్టింది.

"నమలకు మామ్మా. దవడన పెట్టుకుని ఊరుకో. అదే దారికొస్తుంది."

మామ్మ అలాగే చేసింది. ముందు ఉప్పు తగిలింది. కాసేపటికి కారం, ఆ తర్వాత జీలకర్ర, అన్నిటి వెనకా మెల్లగా వెన్న. మామ్మ కళ్ళు మూసుకుంది. ఆవిడ దవడలో సన్నగా కరకరమని చప్పుడైంది. అలలు కూడా చప్పుడు చేయకుండా విన్నాయి. ఆ చప్పుడు తగ్గి తగ్గి ఆగిపోయింది. మామ్మ ముఖం చంటిపిల్ల ముఖంలా అయిపోయింది.

ఆవిడ చెక్కను బయటికి తీసింది. అది చెక్కుచెదరలేదు, ఒక్క పప్పు కూడా పోలేదు. నూకరత్నం అంచు తుంచబోతే మాత్రం విరగలేదు, తోలుముక్కలా వంగింది.

"నాకు నీ పిండీ వద్దు, పప్పూ వద్దు. ఈ కరకర చాలు. నేను వచ్చినప్పుడల్లా ఇస్తావా?" అంది మామ్మ.

నూకరత్నం వెనకాడింది. మూడో ఇంటికి వినపడే ఆ చప్పుడే కదా ఆవిడ గొప్పంతా. వానాకాలమంతా అది లేకపోతే తన చెక్కల్ని ఎవరు పొగుడుతారు? వెనక్కి తిరిగి చూసింది. దూరంగా పసుపుబారిన నారుమడి గట్టు మీద సూరప్పడు తల పట్టుకుని కూర్చున్నాడు.

"తీసుకో మామ్మా. కాకపోతే పిల్లలకి కొంచెం మిగల్చు. మూత లేనివి నీవి, మూత పెట్టినవి వాళ్ళవి."

మామ్మ ఒప్పుకుంది. మూతలెత్తే ఓపిక తనకెక్కడిదని నవ్వింది కూడా. పొద్దు వాలకముందే మబ్బులన్నిటినీ తోలుకుని ఊరి మీదికి వచ్చేసింది. కొండ దాకా ఒకటే వాన. సూరప్పడు మడిలో నిలబడి తడుస్తూ పిచ్చివాడిలా నవ్వాడు. నూకరత్నం ఇంటికొచ్చేసరికి అరుగు మీది చేటలో చెక్కలన్నీ మెత్తబడి ఉన్నాయి. ఆవిడకి ఒక్క క్షణం ఉసూరుమనిపించింది. ఆ వెంటనే లోపలికి వెళ్ళి, రాత్రి పెరుగన్నంలోకి మొగుడికి కొత్తగా నాలుగు చెక్కలు వేయించి, కుండలో వేసి మూత పెట్టింది.

అప్పటినుంచే వానాకాలంలో మూత తీసి వదిలేసిన చెక్క మెత్తబడుతోంది. చూడ్డానికి పప్పుతో సహా అంతా ఉంటుంది, కరకర ఒక్కటే ఉండదు. అలాంటి చెక్క చేతికొస్తే విసుక్కోకండి పిల్లలూ. కిటికీలోంచి పొలాల వైపు చూడండి, వాన పడుతూ ఉంటుంది.